ఫార్వర్డ్ కాదు, ఫోటో కావాలి

పత్తి ఆకు మీద ఒక ముళ్ల పురుగు ఫోటో, కింద ఇది కుడితే నిమిషాల్లో ప్రాణం పోతుందన్న హెచ్చరిక. 2022లో ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరిగింది. మనలోనూ ఇంట్లో వాళ్లకి "జాగ్రత్త" అని పంపినవాళ్లు ఉండే ఉంటారు. అందులో ఉన్నది స్లగ్ గొంగళి పురుగు. లిమాకోడిడే కుటుంబం. నిజమే, కుడుతుంది. చంపడం మాత్రం అబద్ధం.

ఈ కుటుంబంలో మన పెరళ్లలో దొరికేది పారాసా లెపిడా. ఆముదం, మామిడి, కొబ్బరి, దానిమ్మ, గులాబీ, దేన్నీ వదలదు. లేత ఆకుపచ్చ ఒళ్లు, వీపు మీద నీలం చారలు, గుత్తులుగా ముళ్లు. నడవదు, నత్తలా జారుతుంది. ఆ ముళ్లు లోపల బోలుగా ఉంటాయి, వాటిలో విషం. చర్మంలో గుచ్చుకుని విరిగితే దూలగొండి తగిలినట్టే మంట, దద్దుర్లు. గోకితే ముళ్లు ఇంకా లోపలికి పోతాయి. సెల్లోటేప్ అంటించి లాగేసి, సబ్బునీళ్లతో కడిగి, ఐస్ పెట్టుకోవాలి. కంట్లో పడినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇదే పురుగు పెద్దయ్యాక ఆకుపచ్చ, గోధుమ రంగు రెక్కలతో ముద్దుగా ఉంటుంది, అసలు కుట్టదు.

చంపే గొంగళి పురుగులు లోకంలో లేవా అంటే ఉన్నాయి. దక్షిణ బ్రెజిల్‌లో లొనోమియా ఆబ్లిక్వా ముళ్లు గుచ్చుకుంటే రక్తం గడ్డకట్టదు, లోపల రక్తస్రావమై మనుషులు చనిపోయారు కూడా. అక్కడ సావో పాలోలోని బుటాంటన్ సంస్థ దానికి విరుగుడు సీరం తయారుచేసింది. ఏ పురుగు, ఎక్కడ, ఎవరికి కుట్టింది అన్నది పక్కాగా తెలిస్తేనే ఇలాంటి పని సాధ్యం. మన మెసేజ్‌లో ఊరు లేదు, తేదీ లేదు, పురుగు పేరు లేదు. భయం ఒక్కటే ఉంది. ఆ భయం మోసేది ఏసీ ల్యాబ్‌లో కూర్చున్న మనం కాదు, వట్టి చేతులతో పత్తి తీసే ఆడవాళ్లు. వాళ్లకి కావాల్సింది గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా. మనం పంపేది పుకారు.

అందుకే నా మాట: సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇలాంటిది కనిపిస్తే చెప్పుతో నలిపేసే ముందు ఒక ఫోటో తీయండి. ముట్టుకోవద్దు. ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. పేరు తెలియకపోయినా పర్లేదు, తెలిసినవాళ్లు చెప్తారు. "మా పెరడులో గొంగళి పురుగుకి ఏం విలువ?" అనుకోవద్దు. ఏ జిల్లాలో, ఏ నెలలో, ఏ చెట్టు మీద అన్న వివరం ఊళ్లో ఉన్నవాళ్లు ఇస్తేనే వస్తుంది. హాస్టల్ కారిడార్ ట్యూబ్‌లైట్ చుట్టూ రాత్రి తిరిగే రెక్కల పురుగులు కూడా లెక్కలోకే వస్తాయి. ఏటా జూలై చివర్లో ప్రపంచమంతా మాత్ వీక్ చేస్తారు, ఒక తెల్ల దుప్పటి, ఒక బల్బు ఉంటే చాలు. దుప్పటి నేను తెస్తా. బల్బుకి ఈఈఈ వాళ్లని అడుగుదాం.