పచ్చదనం పోయినా ముప్పు పోదు: శైవలాల విజృంభణ వెనుక బాక్టీరియా పాత్ర

ఎండలు ముదిరే కొద్దీ హైదరాబాద్‌లోని హుస్సేన్ సాగర్‌లో రెండు మార్పులు కనిపిస్తాయి. మొదట నీరు చిక్కని ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. ఆ తరువాత ఒడ్డున నిలబడలేనంత దుర్వాసన వ్యాపిస్తుంది. మొదటిది శైవలాల విజృంభణ. రెండవది ఆ విజృంభణకు బాక్టీరియా ఇచ్చే ప్రతిస్పందన. ఫిర్యాదులైనా, అధికారుల చర్యలైనా సాధారణంగా రంగు, వాసనల చుట్టూనే తిరుగుతాయి. అయితే నీటి వనరుల భవితవ్యాన్ని నిర్ణయించేది పచ్చదనం తగ్గుముఖం పట్టాక నీటిలో జరిగే పరిణామమే.

ఇందుకు చైనాలోని తైహు సరస్సు ఉదంతం నిదర్శనం. 2007 మే నెలాఖరులో ఆ సరస్సు నీటిపై ఆధారపడిన వుషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి కుళాయి నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. నీటిని తోడే కేంద్రం సమీపంలో గుట్టలుగా చేరిన శైవలాలు కుళ్లిపోవడంతో అక్కడి నీటిలో ఆక్సిజన్ హరించుకుపోయింది. బాక్టీరియా చర్య వల్ల వెలువడిన గంధక సమ్మేళనాలే ఆ దుర్గంధానికి ప్రధాన కారణమని తదనంతర పరిశోధనలు తేల్చాయి.

ఆహారం పెరిగితే ఆక్సిజన్ తరుగుతుంది

మురుగునీరు, ఎరువుల ద్వారా చేరే భాస్వరం, నత్రజనితో శైవలాలు పెరుగుతాయి. మంచినీటిలో వీటిలో ప్రమాదకరమైనవి ఎక్కువగా నీలి ఆకుపచ్చ శైవలాలు. పేరుకు శైవలాలే అయినా ఇవి నిజానికి సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకునే సైనోబాక్టీరియా. బతికి ఉన్నప్పుడే ఇవి చక్కెరలు, ఇతర సేంద్రియ పదార్థాలను నీటిలోకి వదులుతాయి. వాటి కోసం ఇతర బాక్టీరియా చుట్టూ చేరుతుంది. శైవలాలు చనిపోవడం మొదలవగానే, కణాల గోడలను, సంక్లిష్టమైన పిండిపదార్థాలను విడగొట్టగల జాతులు వేగంగా వృద్ధి చెందుతాయి.

ఈ పనికి ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో కరగగలిగేది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. చేపల మనుగడకు కనీసం 4 మిల్లీగ్రాములు అవసరమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే వేసవిలో మిగులు బహు స్వల్పం. రాత్రివేళ శైవలాలు కూడా ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం ఆంధ్రప్రదేశ్ ఆక్వా రైతులకు బాగా తెలిసిన ప్రమాద సంకేతం. ఆక్సిజన్ పూర్తిగా అడుగంటితే సల్ఫేట్‌ను వాడుకునే బాక్టీరియాది పైచేయి అవుతుంది. కుళ్లిన గుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ అలా పుట్టేదే.

విషానికి విరుగుడు ఉంది, వ్యవధి కావాలి

బాక్టీరియా మేలూ చేస్తుంది. కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని కొన్ని సైనోబాక్టీరియా ఉత్పత్తి చేస్తాయి. నీటిని మరిగించినా ఇది నశించదు. తాగునీటిలో దీర్ఘకాలం వాడకానికి లీటరుకు 1 మైక్రోగ్రామును ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిగా సూచించింది. ఈ విషాన్ని ముక్కలు చేసే బాక్టీరియాను 1990లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించారు. అందుకు తోడ్పడే జన్యువులను ఆ తరువాత వివరించారు. అయితే ఆ జాతులు తగినంతగా పెరగడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

తొందరపాటు చర్యలు ఆ వ్యవధిని దక్కనివ్వవు. విషంలో అధిక భాగం సాధారణంగా కణాల లోపలే ఉంటుంది. రసాయనాలతో శైవలాలను ఒక్కసారిగా చంపితే అది నీటిలో కలుస్తుంది. ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో 1979లో తాగునీటి జలాశయంలో కాపర్ సల్ఫేట్ చల్లిన కొద్ది రోజులకు దాదాపు 150 మంది అస్వస్థులయ్యారు. వారిలో అత్యధికులు పిల్లలు. అక్కడి సైనోబాక్టీరియా విడుదల చేసిన మరో విషమే కారణమని అనంతర పరిశోధనలు సూచించాయి.

భాస్వరానికి దారి లేదు

హుస్సేన్ సాగర్‌లో దుర్వాసన నివారణకు బాక్టీరియా మిశ్రమాలను చల్లే బయోరెమిడియేషన్ పద్ధతిని అధికారులు చేపట్టారు. సేంద్రియ వ్యర్థాన్ని తగ్గించడంలో దీనికి ప్రయోజనం ఉండవచ్చు. కానీ దాని పరిమితి ప్రకృతి నియమంలోనే ఉంది. బాక్టీరియా కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కొంత నత్రజనిని వాయువుగా మార్చి గాలిలోకి పంపగలదు. భాస్వరాన్ని అలా పంపలేదు. అది అడుగు బురదలో ఇనుముతో కలిసి నిలిచి ఉంటుంది. ఆక్సిజన్ లేనప్పుడు ఆ బంధం సడలి, మళ్లీ నీటిలోకి వస్తుంది. ఒక విజృంభణ కుళ్లిన చోటే మరొక విజృంభణకు ఎరువు సిద్ధమవుతుందన్న మాట.

కనుక చెరువు బాగుపడిందనడానికి నీటి రంగు కొలమానం కాదు. తెల్లవారుజామున అడుగు నీటిలో ఆక్సిజన్ ఎంత, నాలాల ద్వారా చేరుతున్న భాస్వరం ఎంత, బురదలో పేరుకున్నది ఎంత అన్నవే అసలు లెక్కలు. తాగునీటి జలాశయాల్లో వీటితో పాటు విషాల పరీక్ష కూడా తప్పనిసరి. మురుగును శుద్ధి చేయకుండా వదులుతున్నంత కాలం బాక్టీరియా తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ పనికి మూల్యం చెల్లించేది చేపలు, మత్స్యకారులు, ఆ నీటిపై ఆధారపడిన ప్రజలే.