దేశం అని దేన్ని అనాలి?



మొన్న సోషల్ పీరియడ్‌లో మాకు ఒక వాదన వచ్చింది. 2022లో వేల్స్ జట్టు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో ఆడింది. కానీ ఐక్యరాజ్య సమితిలోని 193 దేశాలలో వేల్స్ పేరు లేదు. మరి అది దేశమా, కాదా? చాలామంది కాదన్నారు. నేను అవునంటాను.

బ్రిటన్ ఒక రాజ్యం. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ దానిలోనివే. సైన్యం, విదేశాంగం లండన్ చేతిలోనే ఉన్నాయి. అయినా అక్కడివాళ్ళు వేల్స్‌ను దేశమనే అంటారు.

సొంత ప్రభుత్వం ఉంటేనే దేశమని మా ఫ్రెండ్ అన్నది. సరే, చూద్దాం. వేల్స్‌ను 1536 చట్టంతో ఇంగ్లండ్‌లో కలిపేశారు. మళ్ళీ సొంత సభ వచ్చింది 1999లో. మధ్యలో 460 ఏళ్ళు దాటినాయి. సభ లేకపోయినా దేశం పేరు పోలేదు గదా! ఎట్ల నిలబడింది?

19వ శతాబ్దంలో అక్కడ కొన్ని బడుల్లో వెల్ష్ భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంకొకరు మాట్లాడితే అది వాళ్ళ మెడకు మారేది. చివరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు దెబ్బలు. అయినా ఇళ్ళల్లో ఆ భాష వదల్లేదు. 2011లో దానికి చట్టం అధికార హోదా ఇచ్చింది. 2021 జనాభా లెక్కల్లో 5 లక్షల 38 వేల మంది వెల్ష్ వచ్చునన్నారు. అంటే నూరులో 18 మందే. భాష రానివాళ్ళలో కూడా ఎంతోమంది మేము వేల్స్ వాళ్ళమే అంటారు. స్కాట్లాండ్ వేరే తీరు. 1707లో ఇంగ్లండ్‌తో కలిసినా తన కోర్టులు, తన చట్టాలు ఉంచుకుంది.

కాబట్టి నాకు తోచింది ఇది. రాజ్యానికి సైన్యం, సరిహద్దు కావాలి. దేశానికి మాత్రం ఇది మాది అని సిగ్గుపడకుండా చెప్పే మనుషులు కావాలి.

మాది కోయ ఊరు. 2014లో మా మండలం తెలంగాణ నుండి ఆంధ్రప్రదేశ్‌లోకి మారింది. జిల్లా మారింది, ఆఫీసులు మారినాయి. మా అమ్మమ్మ మాట మారలేదు. కానీ హాస్టల్‌కు వచ్చినాక నేనే మారాను. ఎవరన్నా నవ్వుతారని కోయలో గుసగుసగా మాట్లాడతాను. నా మెడలో ఎవరూ చెక్క వెయ్యలేదు. నేనే వేసుకున్నాను.

నేను వేరే దేశం అడగటం లేదు. మన దేశం భారతదేశమే. మేడమ్ గారూ, వారానికి ఒక రోజు ప్రార్థనలో ఒక కోయ పాట పాడనివ్వండి. చెల్లెళ్ళారా, ఈ రోజు నుండి గట్టిగా మాట్లాడుకుందాం.

తప్పులుంటే క్షమించగలరు.

– 9వ తరగతి విద్యార్థిని