మన్రోలప్ప పేరు విని నవ్వకండి

మన సీమలో పేరు పెట్టడమంటే మొక్కు చెల్లించడమే. అహోబిలం స్వామికి మొక్కితే ఓబులేసు, మద్దిలేటి స్వామికి మొక్కితే మద్దిలేటయ్య, దర్గాకు మొక్కి కంటే హిందువుల ఇంటనయినా దస్తగిరి. మన్రోలప్ప కూడా అట్లా వచ్చిన పేరే. అయితే ఇది దేవుని పేరు కాదు, ఒక తెల్లదొర ఇంటిపేరు.

ఈ మధ్య ఒక పల్లెలో జేజినాయన పేరు పెట్టుకున్న పిల్లవానిని బడిలో తోటివారు గేలి చేశారు. పేరు మార్పించడానికి తండ్రి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో ముసలామె మాత్రం రెండు దినాలు అన్నం ముట్టలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ దొర పేరు థామస్, ఇంటిపేరు మన్రో. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేయగా, ఆయన ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు. మధ్య దళారీ లేకుండా రైతు పేరనే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి నడిపాడు. శిస్తులో నాలుగోవంతు తగ్గించాలని 1807లో రాశాడు. పైవారు అప్పుడు వినలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరయ్యాక అది జరిగింది. 1827 జూలై 6న మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసుకు తరలించారు.

ఆయన కంపెనీ మనిషే కదా, పాళెగాళ్ళను అణచినవాడే కదా అని కొందరంటారు. నిజమే. శిస్తు తేలికేమీ కాదు. కరువులో అదీ రైతు మెడకు ఉరే. కాని ఆ పేరు సర్కారు ఆర్డరు వేసి పెట్టించినది కాదు. తమ మాట విన్నాడనుకున్న రైతులు తామే తొట్టెల్లో పెట్టుకున్నది.

గాంధీ, నెహ్రూ, బోసు కూడా ఇంటిపేర్లే. వాటిని మన బిడ్డలకు పెట్టుకుని గర్వపడుతున్నాం. మన్రోలప్ప ఒక్కడే నవ్వులాట ఎందుకయ్యాడు?

పేరు మార్చుకోవడం ఎవరిష్టం వారిది. సిగ్గుతో మాత్రం మార్చవద్దు. అయ్యవార్లు తరగతిలో ఆ పిల్లవానిని నిలబెట్టి, ఆ పేరు వెనక కథ చెబితే చాలు. గేలి చేసినవారే చెవులప్పగించి వింటారు.