బీరు తాగితే క్లాసు, ఇప్పసారా కాస్తే కేసా?

బీరు మీద ఇంత పెద్ద పోస్టా అని నవ్వొచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

ఈ మధ్య మన హాస్టల్ రూముల్లో, పెళ్ళిళ్ళలో, జాతరకు పోయే బండ్లల్లో ఒక వాదన తెగ నడుస్తోంది. ఏ బీరు బెస్టు? ఒకడు కింగ్‌ఫిషర్ అంటాడు, ఇంకొకడు బడ్‌వైజర్ అంటాడు, నాకౌట్ ముందు ఏదీ నిలవదని మరొకడు. ఎవరి నోరు వాళ్ళిష్టం, దాని మీద నాకు గొడవ లేదు. నా గొడవంతా ఆ వాదన చివర్లో వచ్చే ఒక్క మాట మీద. "మనోళ్ళు ఇంకా ఆ ఇప్పసారా, జీలుగు కల్లు దగ్గరే ఉన్నార్రా, మారరు." ఈ మాట అనేవాడి చేతిలో సీసా ఉంటుంది. అంటే వాడి లెక్కలో తాగడం తప్పు కాదు, మన ఇంట్లోది తాగడం తప్పు. కొనుక్కుని తాగితే నాగరికత, కాసుకుని తాగితే వెనకబాటు. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూద్దాం.

ముందు "బీరు మందు కాదు, లైటు" అనే మాట సంగతి తేల్చేద్దాం. కాలేజీలో లెక్కలు చదివినోళ్ళమే కదా, వేద్దాం. సీసా 650 మిల్లీలీటర్లు. లైట్ బీరులో ఆల్కహాలు సుమారు 5 శాతం, అంటే 32 మిల్లీలీటర్ల దాకా అసలు సరుకు. స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది, అంటే 52 మిల్లీలీటర్లు. ఇక విస్కీ క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్లు. ఇప్పుడు కలుపుకోండి. రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినోడు 104 మిల్లీలీటర్లు తాగాడు. క్వార్టర్ కొట్టిన వాళ్ళ నాన్న కంటే వాడే ఎక్కువ తాగాడు. కానీ ఇంటికొచ్చి నాన్నను తాగుబోతు అంటాడు, తను మాత్రం "జస్ట్ బీర్" అంటాడు. మన దేశంలో అమ్ముడుపోయే బీరులో ఎక్కువ భాగం ఈ స్ట్రాంగే. ఎందుకంటే లైట్‌కీ స్ట్రాంగ్‌కీ రేటులో తేడా కొంచెం, మత్తులో తేడా చాలా. జేబులో డబ్బులు తక్కువున్నవాడు ఏది కొంటాడో కంపెనీకి బాగా తెలుసు. దానికి మనం పెట్టుకున్న పేరు "నా టేస్టు".

టేస్టు అన్నాం కాబట్టి దాని గురించే మాట్లాడదాం. బీరంటే ఏంటి? బార్లీ గింజను మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడికించి, హాప్స్ అనే తీగ పువ్వుతో చేదు ఎక్కించి, ఈస్టుతో పులియబెట్టిన నీళ్ళు. చాలా బ్రాండ్లలో బార్లీతోపాటు బియ్యమో మొక్కజొన్నో చక్కెరో కూడా పడుతుంది, చవకగా బలం రావాలి కాబట్టి. అది బాగా గడ్డకట్టేటట్టు చల్లగా ఉంటేనే మనకు దిగుతుంది. ఎందుకు? చలికి నాలుక మొద్దుబారుతుంది, వాసన తెలియదు, లోపం తెలియదు. అదే స్ట్రాంగ్ బీరును చల్లదనం పోయాక ఒక గుక్క తాగి చూడమనండి. అప్పుడు చెప్పమనండి ఏది బెస్టో.

ఇంకో సంగతి. బడ్‌వైజర్ గొప్పా, నాకౌట్ గొప్పా అని మీరు గొంతులు చించుకుంటారే, ఆ రెండూ ఒకే కంపెనీవి, ఏబీ ఇన్‌బెవ్‌వి. హేవర్డ్స్ 5000 కూడా వాళ్ళదే. ట్యూబోర్గ్, కార్ల్స్‌బర్గ్ రెండూ ఒకే గూటి పిట్టలు. మన దేశీ అనుకునే కింగ్‌ఫిషర్‌ను తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ 2021 నుంచి డచ్ కంపెనీ హైనెకెన్ చేతిలో ఉంది. మూడు విదేశీ కంపెనీలు అరలో పెట్టిన సీసాల్లోంచి ఒకటి ఎంచుకోవడాన్ని మనం వ్యక్తిత్వం అనుకుంటున్నాం. దానికోసం ఫ్రెండ్‌షిప్‌లు కూడా పాడు చేసుకుంటున్నాం.

ఇప్పుడు ఇటు చూడండి. జీలుగు చెట్టు ఎక్కి గెల కోసి దింపిన కల్లు పొద్దున్నే తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపు తిరుగుతుంది, సాయంత్రానికి ఘాటవుతుంది. ఒకే చెట్టు, ఒకే రోజు, మూడు రుచులు. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో ఊళ్ళో పెద్దోళ్ళు తాగి చెప్పేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలేటప్పుడు తెల్లారకముందే బుట్టలతో అడవికి పోయేది మన అమ్మలు, అమ్మమ్మలు. ఆ పువ్వు ఎండబెడితే తిండి, కష్టకాలంలో ఆకలి తీర్చింది, అమ్మితే డబ్బు, కాస్తే సారా. కోయ ఊళ్ళలో ఇప్పపువ్వు పండగే ఉంది. గోండుల దగ్గర పెర్సాపేన్‌కు ధార పోసేది ఆ సారానే. జార్ఖండ్ ఆదివాసీలు బియ్యంతో పులియబెట్టే హండియా, బస్తర్ వైపు లాందా, ఇవి ధాన్యం పులిసిన పానీయాలే. శాస్త్రం ప్రకారం చూస్తే ఇవీ బీర్లే. మనకు బీరు కొత్త కాదు తమ్ముడూ, సీసా మీద లేబులే కొత్త.

ఆ లేబుల్ లేకపోవడమే మన నేరమైంది. ఇది ఇవాళ్టి కథ కాదు. 1879లో రంప తిరుగుబాటు ఎందుకొచ్చింది? అల్లూరి కంటే 40 ఏళ్ళకు పైగా ముందు జరిగిన పోరాటం అది. మన్‌సబ్‌దారు వేసిన చిగురు పన్ను ఒకవైపు, ఇంటి వాడకానికి కూడా కల్లు గీసుకోవద్దన్న కొత్త అబ్కారీ నిబంధన, కల్లు పాట దక్కించుకున్న కాంట్రాక్టర్ల జులుం ఇంకోవైపు. కొండల్లో జనం లేచింది ఇందుకే. మిగతా బ్రిటిష్ రాజ్యంలోనూ ఇదే తంతు. బొంబాయి ప్రభుత్వం 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. ప్రభుత్వానికి మన ఆరోగ్యం మీద బెంగ పుట్టి కాదు. చెట్టు నుంచి నేరుగా నోటికి పోతే ఖజానాకు పైసా రాదు, అదీ వాళ్ళ బాధ.

వాళ్ళు పోయారు, ఆ చూపు మాత్రం పోలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో నాణ్యమైన మద్యం ఇస్తామనడం ఒక హామీ. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ కంపెనీ రేట్లు పెంచలేదని, బకాయిలు రాలేదని తెలంగాణకు సరఫరా ఆపేస్తే పెద్ద వార్త అయింది, తర్వాతి నెలకల్లా బీరు రేటు 15 శాతం పెరిగింది. అంటే పట్నంలో తాగేవాడి రుచికి విలువ ఉంది, దాని గురించి ప్రభుత్వం, కంపెనీ కూర్చుని మాట్లాడతాయి. మన ఊళ్ళో ఇప్పసారా కాస్తే వచ్చేది ఎక్సైజ్ జీపు. కుండలు పగులుతాయి, కేసు రాస్తారు, వాయిదాలకు తిరిగే చార్జీలకే కూలి డబ్బులు అయిపోతాయి. ఇంకో విచిత్రం చూడండి. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం షాపుల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కంపెనీ సీసా అమ్మడానికి మనకు రిజర్వేషన్, మన చెట్టు పువ్వు కాసుకుంటే మనకు కేసు!

వేరే దారి లేదా అంటే ఉంది. గోవా వాళ్ళ జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇవాళ టూరిస్టులు వెతుక్కుని కొంటున్నారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను హెరిటేజ్ మద్యంగా ఒప్పుకుని, ఆదివాసీ స్వయం సహాయక సంఘాల చేత తయారు చేయిస్తోంది. అదే పువ్వు, అదే కుండ. ఒక రాష్ట్రంలో వారసత్వం, మన దగ్గర నాటుసారా. అసలు 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది: గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపండి, వాళ్ళ సంప్రదాయ పానీయాన్ని సొంత వాడకానికి చేసుకోనివ్వండి అని. మన ఊళ్ళలో జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు నడుస్తుంది, ఇంటి వెనక కుండకు తాళం పడుతుంది.

ఇక్కడ ఇంకో వర్గం లేచి చప్పట్లు కొడుతుంది. "అదీ అన్నా, తాగడం మన సంస్కృతి!" ఆగండి. మీతోనూ నాకు పేచీ ఉంది. పండగకు, పెళ్ళికి, చావుకు, దేవుడి ముందు అందరూ కలిసి దొప్పలో పంచుకునేది సంస్కృతి. నల్లబెల్లంలో పటిక వేసి రోజూ అమ్మే గుడుంబా సంస్కృతి కాదు. ఆల్ప్రాజోలం కలిపిన కల్లు సంస్కృతి కాదు. పువ్వు ఏరిన అమ్మనే రాత్రికి కొట్టడం ఏ దేవుడు చెప్పిన ఆచారం? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేస్తే రాష్ట్రమంతా కదిలింది, 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్ళకే ప్రభుత్వం ఎత్తేసింది, అది వేరే కథ. కానీ ఆ ఆడవాళ్ళు చూపించిన నిజం మాత్రం ఎక్కడికీ పోలేదు. తాగేది ఎవరైనా, దెబ్బ తినేది, పస్తులుండేది ఆడవాళ్ళు, పిల్లలు. బీరు ఇంగ్లిష్‌లో ఉన్నంత మాత్రాన ఆ దెబ్బ తగ్గదు, సారా మనదైనంత మాత్రాన ఆ దెబ్బ తియ్యనవదు.

కాబట్టి నేను తాగమనీ చెప్పట్లేదు, మానమనీ చెప్పట్లేదు. ఎవరు నిర్ణయించాలి అన్నదే నా ప్రశ్న. కంపెనీయా, ఎక్సైజా, మన ఊరా? చట్టం ఊరు వైపే ఉంది. 1996 పీసా చట్టం, సెక్షన్ 4(ఎం) చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం పంచాయతీలకు, గ్రామసభకు ఉండాలని అందులో రాసి ఉంది. మనలో ఎంతమంది గ్రామసభకు పోయి ఈ మాట ఎత్తాం? బీర్ల రేట్లు బ్రాండువారీగా నోటికొచ్చు, సెక్షన్ నంబరు రాదు.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. మీ ఊళ్ళో బెల్టు షాపులు ఎన్నున్నాయో, వాటికి నెలకు ఊరి డబ్బు ఎంత పోతోందో లెక్క రాయండి. ఇప్పసారా కేసులు ఎవరెవరి మీద ఉన్నాయో, ఏ సెక్షన్లో, ఎన్నేళ్ళుగా తిరుగుతున్నారో రాసుకోండి. ఆ రెండు లెక్కలూ గ్రామసభలో చదవండి. చదివేటప్పుడు ముందు వరసలో ఆడవాళ్ళను కూర్చోబెట్టండి, నిర్ణయం వాళ్ళ నోటి నుంచి రానివ్వండి. షాపు మూయాలా, కుండ ఉంచాలా, పండగ రోజులకే పరిమితం చేయాలా, లేక రెండూ వద్దా, ఊరు తేల్చుకుంటుంది. ఉట్నూరులో ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పువ్వుకు సారా ఒక్కటే దారి కాదని వాళ్ళు చూపించారు, దాని గురించి కూడా మాట్లాడండి.

ఇక బీరు ఇష్టమున్నోళ్ళకు చివరి మాట. తాగేటోళ్ళు తాగండి, ఎన్ని మిల్లీలీటర్లో తెలిసి తాగండి. కానీ ఆ సీసా పట్టుకుని అమ్మ కుండను చూసి నవ్వకండి. మిమ్మల్ని హాస్టల్‌కు పంపిన రోజు మీ చేతిలో పెట్టిన డబ్బుల్లో ఇప్పపువ్వు ఏరి అమ్మిన రూపాయలు కూడా ఉన్నాయి.

ఒప్పుకోనోళ్ళు కింద రాయండి, వాదిద్దాం. బ్రాండు పేర్లతో కాదు, లెక్కలతో రండి.

జై ఆదివాసీ. జోహార్.