అన్నయ్య వదిలేసిన చదువు

పదహారేళ్ళ అమ్మాయి నవల రాస్తే అందులో ప్రేమలూ కన్నీళ్ళూ తప్ప ఇంకేముంటాయిలే అనుకుంటూనే ‘ది ఔట్‌సైడర్స్’ చేతిలోకి తీసుకున్నాను. రెండు రాత్రుల్లో పూర్తయింది. మూడోరోజు మా అన్నయ్యకి ఫోన్ చేశాను. ఈ రెంటికీ సంబంధమేమిటో చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

రచయిత్రి ఎస్. ఇ. హింటన్‌ది అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా. హైస్కూల్లో చదువుకుంటూ, పదిహేనో ఏట ఈ నవల మొదలుపెట్టింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. మగపిల్లల కొట్లాటల కథ ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు తేలిగ్గా తీసిపారేస్తారేమోనని ప్రచురణకర్తలు పూర్తిపేరు వెయ్యలేదు, పొడి అక్షరాలతో సరిపెట్టారు. 1983లో కొప్పోలా దీన్ని సినిమా తీశాడు. తీయమని ఆయనకి ఉత్తరం రాసినవాళ్ళు కాలిఫోర్నియాలో ఒక బడి లైబ్రేరియనూ, పిల్లలూను!

ఊళ్ళో రెండు జట్లు. పేదవాడ కుర్రాళ్ళు గ్రీజర్లు, డబ్బున్న ఇళ్ళ కుర్రాళ్ళు సోషులు. కథ చెప్పేవాడు పోనీబాయ్, పద్నాలుగేళ్ళ గ్రీజరు. ఒకరాత్రి ఆలస్యంగా వచ్చినందుకు పెద్దన్న డ్యారీ చెంప పగలగొడతాడు. వీడు ఇల్లొదిలి పరిగెత్తుతాడు. అదే రాత్రి పార్కులో సోషులు వీణ్ణి ఫౌంటెన్ నీళ్ళలో ముంచి ఊపిరాడకుండా చేస్తుంటే, స్నేహితుడు జానీ కత్తి దూస్తాడు. ఒక కుర్రాడి ప్రాణం పోతుంది. అక్కణ్ణించి పారిపోవటాలు, పాడుబడ్డ చర్చి, మంటలు, చావులు.

ఇది పోనీబాయ్ పెద్దవాడైన కథ అంటారు అందరూ. నా మట్టుకు నాకు ఇది డ్యారీ కథ. అతనికి మాత్రం ఎంతనీ, ఇరవయ్యేళ్ళు! స్కూల్లో ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్. ఆటల స్కాలర్‌షిప్ వచ్చినా కాలేజీకి వెళ్ళే స్తోమత లేకపోయింది. ఇంతలో అమ్మా నాన్నా కారు ప్రమాదంలో పోయారు. ఇప్పుడతను ఇళ్ళకి కప్పులు వేస్తూ తమ్ముళ్ళని సాకుతున్నాడు. ఏ చిన్న పొరపాటు జరిగినా ప్రభుత్వం వాళ్ళని తీసుకుపోయి హాస్టల్లో పడేస్తుందన్న భయం ఒకటి. అందుకే అరుస్తాడు, మార్కులడుగుతాడు, నవ్వడు. తనంటే అన్నకి ఇష్టంలేదని పోనీబాయ్ నమ్ముతాడు. చెప్పేది వాడు కాబట్టి మనమూ నమ్ముతాం! ఆసుపత్రిలో, అమ్మా నాన్నా పోయినప్పుడు కూడా ఏడవని డ్యారీ కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి గానీ వాడికీ, మనకీ అసలు సంగతి బోధపడదు.

లోపాలు లేవని కాదు. మంటల్లోంచి పిల్లల్ని కాపాడే ఘట్టం సినిమా ఫక్కీలో ఉంది. రాసింది ఆడపిల్లే అయినా, చెర్రీ తప్ప నోరున్న ఆడపాత్ర లేదు. డబ్బున్నవాళ్ళ కష్టాలు వాళ్ళకీ ఉంటాయని ఆ చెర్రీ అంటుంది. సగమే ఒప్పుకుంటాను. కష్టాలు ఇద్దరికీ ఉండొచ్చు. కాని తప్పుచేసినప్పుడు ఒకడికి కుర్రతనమని సర్దుబాటు, ఇంకొకడికి రౌడీ అన్న పేరు. ఈ తేడా రచయిత్రి చూపించింది కూడా, అయితే గట్టిగా నిలదీయకుండా వదిలేసింది.

అయినా క్షమించేశాను, డ్యారీ కోసం. ఎందుకంటే అతను నాకు తెలుసు. నాన్న మంచాన పడ్డప్పుడు ఇంటర్‌తో చదువాపేసి మోటారుసైకిళ్ళ షెడ్డులో చేరినవాడు మా అన్నయ్య. నాకంటే అతనికే లెక్కలు బాగా వచ్చు. ఫోన్ చేస్తే “ఎలా ఉన్నావురా” అనడు, “సబ్జెక్టులేమన్నా పోయినయ్యా?” అంటాడు. మూడేళ్ళుగా నాకది ఒళ్ళుమంట. డబ్బు పంపిస్తున్నాను గదా అన్న పెత్తనం అనుకునేవాణ్ణి.

ఆరోజు కూడా అదే అడిగాడు.

“ఏం పోలేదన్నయ్యా. నువ్వు తిన్నావా?” అన్నాను.

కాసేపు మాట లేదు. “ఇదేంట్రా కొత్తగా, డబ్బులేమన్నా కావాలా?” అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమ్ముడు క్షేమమడిగితే అవసరం కోసమేనని అన్న అనుకునేదాకా తెచ్చింది నేనే కదా!

మిత్రులారా, మనం కూర్చున్న బెంచీల్లో కొన్ని, అన్నయ్యో అక్కయ్యో ఖాళీచేసి ఇచ్చినవి. పోనీబాయ్ తన కథనంతా ఇంగ్లీషు మేష్టారికి వ్యాసంగా రాసిస్తాడు. అంత పని మనకక్కర్లేదు. ఈ నవల చదవండి. చదివాక ఇంటికి ఒక ఫోన్ చెయ్యండి, డబ్బు అడగటానికి మాత్రం కాదు.