రాతి గుమ్మటం నిలిచింది.. రైతు సరుకు తరలిపోయింది

భాగ్యనగరం నడిబొడ్డున అబిడ్స్, నాంపల్లి, బేగంబజార్, జాంబాగ్ దారులు కలిసే కూడలిలో మొజంజాహి మార్కెట్ గుమ్మటాలు దూరం నుంచే కనిపిస్తాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1935లో నిర్మితమైన ఈ మార్కెట్‌కు ఆయన రెండో కుమారుడు మొజంజా పేరు పెట్టారు. శిథిలావస్థకు చేరుతున్న ఈ కట్టడాన్ని పురపాలక శాఖ 2018లో చేపట్టి, సుమారు రూ.15 కోట్ల వ్యయంతో పునరుద్ధరించగా, 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించిన విషయం విదితమే. ఉరుస్తున్న పైకప్పును బాగుచేశారు. దుకాణాల ముందుకు పొడుచుకు వచ్చిన రేకులు, వేలాడే తీగలు తొలగించారు. అది మెచ్చదగిన పనే. అయితే అక్కడికి వెళ్లిన పల్లెవాసికి ఓ సందేహం కలుగక మానదు. భవనం బతికింది సరే, మరి ఇక్కడికి వచ్చే పండ్లు ఎక్కడికి పోయాయి?

సరుకు కోసం కట్టిన గోడలు

ఈ మార్కెట్‌ను వేడుకల కోసం కట్టలేదు. సరుకు చెడకుండా ఉండేందుకు కట్టారు. మందపాటి గ్రానైటు గోడలు, ఎత్తయిన పైకప్పు, దుకాణాల ముందు నీడనిచ్చే వరండా, గాలి ఆడేందుకు మధ్యలో ఆరుబయలు... ఇవన్నీ మండు వేసవిలో పండుకు, పండు అమ్మే మనిషికి కావలసినవే. కరెంటు పంకాలు అరుదైన రోజుల్లో ఇంతటి ఆలోచన చేశారంటే ఆనాటి ఇంజనీర్లకు వ్యాపారం తెలుసుననే అనుకోవాలి.

దశాబ్దాల పాటు ఇది నగరానికి ప్రధాన పండ్ల విపణి. జనం పెరిగారు, లారీలు పెరిగాయి, కూడలి ఇరుకైంది. దాంతో 1980వ దశకంలో టోకు పండ్ల వ్యాపారాన్ని విజయవాడ రహదారిపై గల గడ్డిఅన్నారానికి తరలించారు. మొజంజాహి మార్కెట్‌కు అత్తర్లు, ఎండు ఫలాలు, చిల్లర దుకాణాలు, సాయంత్రాల్లో కిటకిటలాడే ఐస్‌క్రీం అంగళ్లు మిగిలాయి. వేసవిలో మామిడి, శీతాకాలం ముంగిట సీతాఫలం ఇక్కడికి ఇప్పటికీ వస్తాయి, కాకపోతే గిన్నెలో గడ్డకట్టి!

నీడ లేని ప్రయాణం

గడ్డిఅన్నారం మార్కెట్ కథ అంతకన్నా త్వరగా ముగిసింది. ఆస్పత్రి నిర్మాణం కోసం 2021లో దాన్ని మూసివేసి, వ్యాపారాన్ని అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కుకు మళ్లించారు. వ్యాపారులు హైకోర్టును ఆశ్రయించినా, 2022లో పాత షెడ్లు నేలమట్టమయ్యాయి. గిడ్డంగుల కోసం రూపొందించిన చోట వేలంపాటలు సాగించవలసి వచ్చింది.

తరలింపు మొత్తం తప్పని అనలేం. నల్లగొండ నుంచి బత్తాయి తెచ్చే లారీకి బాటసింగారం దగ్గరే. నగరం రద్దీలో గంటల తరబడి నిలవాల్సిన అవస్థ తప్పింది. కానీ అదే దూరం నగరంలో తోపుడుబండిపై పండ్లు అమ్ముకునే చిరువ్యాపారికి భారమైంది. బాహ్య వలయ రహదారి దాటి వెళ్లి సరుకు తెచ్చుకోవాలంటే ఆటో కిరాయే లాభాన్ని మింగేస్తుంది. ఆ భారం చివరకు పడేది కొనేవాడి జేబుపైనో, రైతుకు దక్కే ధరపైనో.

అసలు చిక్కు చోటు మార్పులో కన్నా, వెళ్లిన ప్రతిచోటా తాత్కాలిక ఏర్పాట్లతో సరిపెట్టడంలో ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వేళ మామిడి క్రయవిక్రయాలను కొహెడకు మార్చి, హడావుడిగా షెడ్లు వేశారు. ఆ మే నెలలోనే వీచిన గాలివానకు అవి కుప్పకూలి పలువురు గాయపడ్డారు. 1935 నాటి రాతి కప్పు తొమ్మిది దశాబ్దాల వానలకు తట్టుకుంది. ఆ రేకుల నీడ మాత్రం ఒక్క సీజన్ కూడా నిలవలేదు.

కొహెడలో సుమారు 178 ఎకరాల్లో శాశ్వత మార్కెట్‌పై ప్రకటనలు ఏళ్లుగా వెలువడుతూ వచ్చాయి. వాటిలో శీతల గిడ్డంగులు, ఎగుమతి సదుపాయాల ప్రస్తావన ఘనంగా వినిపించింది. రైతు రాత్రి లారీ దిగి తెల్లవారే వేలం దాకా వేచి ఉండేందుకు నీడ, తాగునీరు, మరుగుదొడ్డి గురించి అంత గట్టిగా వినిపించలేదు. పాత కట్టడం మరమ్మతుకు రాతి పనివారిని వెతికి తెచ్చిన యంత్రాంగం, కొత్తది కట్టేటప్పుడు అదే కట్టడాన్ని ఒకసారి కొలతలు వేసి చూస్తే పోయేదేమీ లేదు. మామిడి రాక ముమ్మరమయ్యేది ఏప్రిల్, మే నెలల్లోనే. ఈదురుగాలులు, వడగళ్లు ముంచుకొచ్చేదీ ఆ నెలల్లోనే.