కానుగ చిగురు చెప్పిన ధైర్యము



2020 మార్చి 25వ తేదీ నుండి దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు మన గౌరిబిదనూరులో అంగళ్లును, ఆరాధన స్థలములును మూతపడినవి. ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగను ఇంటనే జరుపుకొంటిమి. అప్పు ఇచ్చినవానికిని, తీసికొన్నవానికిని రేపు ఏమగునో తెలియని కాలమది.

ఆ యుదయమున వాకిటి కానుగ నిండుగ చిగిర్చియుండెను. నెల క్రిందట ఆకు రాల్చి నిలిచిన చెట్టే అది. పిచ్చుకలు యథాప్రకారము గింజలకై వాలినవి. ప్రభువు పిచ్చుకలను గూర్చి బోధించునప్పుడు వాటి అంగడి ధరను సైతము చెప్పెను. వర్తకుడనగుటచే ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. బజారులో ఎంత చవుకయైనను తండ్రి లెక్కలో అది మరువబడదు.

అయితే విశ్వాసమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. పిచ్చుకయు తెల్లవారగనే మేతకు బయలుదేరును. నందికొండలలో పుట్టి, మన యూరి మీదుగా నెల్లూరి సీమకు పోవు ఉత్తర పినాకిని ఇసుకను తోడివేసి, బోరుబావులను నానాటికి లోతునకు దింపి, వాన దేవుడిచ్చునులే యనుట భక్తి కాదు; బాధ్యతను తప్పించుకొనుట.

కష్టకాలమున మనకు ధైర్యమిచ్చిన సృష్టికి మనము ఋణపడియున్నాము. తొలకరికి ఇంటికొక కానుగ మొక్క నాటుదము. వేసవిలో పిచ్చుకలకు మూకుడు నీళ్లుంచుదము. ఋణము తీర్చుటకు అది మొదటి వాయిదా.